యవన వైద్య గ్రంథములు - అచ్చు యంత్రము - అనువాదకులు

ప్రవాసాంధ్రుల చరిత్రను గూర్చిన వ్యాసముల నడుమ, 16వ శతాబ్దమున ఐరోపా ఖండమున అచ్చయిన ప్రాచీన యవన వైద్య గ్రంథముల ప్రసంగమేల యని చదువరులు శంకింపవచ్చును. శంక సహజమే. కాని పరభాషా ప్రాంతమున తెలుగు బోధించు ఉపాధ్యాయునకు దినదినమును ఎదురగు ప్రశ్న యొకటి కలదు. ఒక విద్య ఒక భాషనుండి మఱియొక భాషలోనికి పోవునపుడు ఏమి నిలుచును, ఏమి చెడును, అది ఎవరికి అందును, ఎవరికి అందకపోవును? ఈ ప్రశ్నకు చరిత్ర చూపిన సమాధానములలో విపులమైనది ఈ వైద్య గ్రంథముల కథయే. ఇందు అనువాద దోషము పండితుల నడిమి తగవుగా మాత్రమే యుండలేదు. రోగి యే చేతి నరము కోయవలెను, యే మూలికను నూఱి త్రాగింపవలెను అను నిర్ణయము ఒక్క మాట అర్థముపై నాధారపడి యుండెను. కావున ఆ కథను కొంత వివరముగా చెప్పి, దానివలన మనము గ్రహింపదగిన దేమో తుదిని విన్నవించుకొందును.

1. మూల గ్రంథములు

యవన వైద్యమున కాద్యుడుగా పేరొందినవాడు హిపోక్రటీసు. కోసు ద్వీపమున క్రీ. పూ. 460 ప్రాంతమున జన్మించెను. ఇతని పేరిట నేడు సుమారు 60 గ్రంథములు లభించుచున్నవి. ఇవి యన్నియు ఒక్కని చేతివి గావు. పలువురు వైద్యులు పలు కాలములందు అయోనియా మాండలికమున రచించినవి. రోగము దేవతల యాగ్రహమువలన గాక ప్రకృతి కారణములవలన కలుగునని తలచుట, రోగిని దినక్రమమున పరిశీలించి చూచినదానిని చూచినట్లు వ్రాయుట వీని ప్రత్యేకతలు.

రెండవవాడు గాలెను. ఇతడు క్రీ. శ. 129లో ఆసియా మైనరునందలి పెర్గముము నగరమున జన్మించెను. మొదట మల్లయోధుల గాయములకు చికిత్స చేసి, పిదప రోమునకు పోయి, చక్రవర్తి మార్కసు ఆరీలియసు ఆస్థానమున వైద్యుడుగా నుండెను. రోమున నివసించినను యవన భాషయందే వ్రాసెను. ఇతడు వ్రాసినంత విరివిగా వ్రాసిన ప్రాచీనుడు వేఱొకడు కానరాడు. రక్తము, శ్లేష్మము, పచ్చపిత్తము, నల్లపిత్తము అను నాలుగు ద్రవముల సమత ఆరోగ్యమనియు, వైషమ్యము రోగమనియు చెప్పు సిద్ధాంతమును శాస్త్రముగా కూర్చినవాడు ఇతడే. మన ఆయుర్వేదమున వాత పిత్త కఫములు మూడు, యవనులకు నాలుగు. పోలిక కనబడినను రెండును వేర్వేఱు దర్శనములని గుర్తుంచుకొనవలెను.

మూడవవాడు డయొస్కొరిడీసు. ఇతడు క్రీ. శ. మొదటి శతాబ్దమువాడు. ఓషధులను, ఖనిజములను, జంతు ద్రవ్యములను వర్ణించు అయిదు భాగముల గ్రంథమును రచించెను. అందు సుమారు 600 మొక్కల ప్రస్తావన యున్నది. 1500 సంవత్సరముల పిదప గూడ ఐరోపా వైద్యులకు ఇదియే నిఘంటువుగా నుండెను.

2. భాషనుండి భాషకు

రోము సామ్రాజ్యపు పశ్చిమ భాగము కూలిన పిదప పశ్చిమ ఐరోపాలో యవన భాష నెఱిగినవారు అరుదైరి. గ్రంథములు తూర్పున కాన్‌స్టాంటినోపులునందును, సిరియా ప్రాంతములందును నిలిచినవి. 9వ శతాబ్దమున బాగ్దాదు నగరమున హునైన్ ఇబ్న్ ఇషాక్ అను క్రైస్తవ వైద్యుడు (809-873) వీనిని సిరియాకు భాషలోనికిని, అరబ్బీలోనికిని తెచ్చెను. ఇతడు మామూలు అనువాదకుడు కాడు. ఒక గ్రంథమునకు దొరికినన్ని యవన ప్రతులను సంపాదించి, ఒకదానితో నొకటి సరిచూచి, సరియైన పాఠమును నిర్ణయించిన తరువాతనే అనువాదమునకు పూనుకొనెడివాడు. గాలెను రచించిన యొక గ్రంథముకొఱకు మెసొపొటేమియా, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు దేశములు తిరిగి, తుదకు దమాస్కసునందు సగము మాత్రము సంపాదింపగలిగితినని తానే వ్రాసుకొనెను.

11, 12 శతాబ్దములందు ఈ అరబ్బీ గ్రంథములు లాటిను భాషలోనికి మాఱినవి. ఇటలీలోని మోంటె కాసినో మఠమున ఆఫ్రికా దేశీయుడైన కాన్‌స్టాంటైను, స్పెయినులోని టొలీడో నగరమున క్రెమోనా వాస్తవ్యుడు గెరార్డు (1114-1187) ఈ పనిని ముఖ్యముగా చేసిరి. యవనము నుండి సిరియాకునకు, సిరియాకు నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి లాటినుకు - ఇట్లు ఒక్క వాక్యము మూడు గడపలు దాటి వచ్చెను. ఆపై చేతివ్రాత ప్రతులను ఎత్తి వ్రాయు లేఖకుల పొరపాట్లు వేఱు. తాళపత్ర ప్రతులతో పరిచయము గలవారికి లేఖక దోషములనగా నేమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

యవన మూలమునుండి నేరుగా లాటినులోనికి తెచ్చినవారు మధ్యయుగమున లేకపోలేదు. పీసా నగరపు బుర్గుండియో 12వ శతాబ్దమునను, రెజ్జో వాస్తవ్యుడు నికొలో 14వ శతాబ్దమునను ఈ కృషి చేసిరి. నికొలో ఒక్కడే నేపుల్సు రాజుల పోషణమున గాలెను గ్రంథములను 50కి పైగా అనువదించెను. కాని విద్యాపీఠములలో పాఠ్యములుగా నిలిచినవి చాలవఱకు అరబ్బీ మార్గమున వచ్చినవే.

3. అచ్చు వచ్చిన తరువాత

గూటెన్‌బర్గు అచ్చు బైబిలు 1455 ప్రాంతమున వెలువడెను. అచ్చు యంత్రము మొదట చేసిన పని క్రొత్తవానిని కల్పించుట గాదు, పాతవానిని పెంచుట. వైద్య విద్యార్థుల పాఠ్య సంకలనమైన 'ఆర్టిసెల్లా' 1476 ప్రాంతమున పాడువా నగరమున అచ్చయ్యెను. గాలెను గ్రంథముల లాటిను సంపుటములు మొదటిసారి 1490లో వెనిసు నగరమున వెలువడినవి. పరిష్కర్త దియోమెదె బొనార్డో. ఈ సంపుటములందున్నవి మధ్యయుగపు అనువాదములే. చేతివ్రాత ప్రతిలోని తప్పు ఒక్క ఇంటిలో నుండును. అచ్చులోని తప్పు వందల ఇండ్లకు పోవును. అయితే అచ్చు పుస్తకమువలన నొక మేలును కలిగెను. పాడువాలోని పండితుడును, పారిసులోని పండితుడును ఒకే పుటను, ఒకే పంక్తిని చూచి వాదించుటకు వీలు కలిగెను. దోషము వ్యాపించుటయు, దోషము పట్టుబడుటయు ఒకే యంత్రమువలన జరిగెను.

మొట్టమొదట దోషమును బహిరంగముగ చాటినవాడు ఫెర్రారా విద్యాపీఠమున బోధించిన నికొలో లియొనిచేనో (1428-1524). ఇతడు 1492లో రోమకులలో సర్వజ్ఞుడని పేరొందిన ప్లీనీ రచనలోని తప్పులను పట్టి చూపుచు ఒక గ్రంథమును ప్రకటించెను. అందలి యొక్క యుదాహరణము చాలును. యవన భాషలో 'కిస్సోస్' అనగా గోడలపై ప్రాకు నొక తీగె. 'కిస్థోస్' అనగా రాతి నేలలందు పెరిగి గులాబీవంటి పూలు పూయు నొక పొద. ప్లీనీ ఈ రెండు పేళ్లను కలగాపులగము చేసి, పొద లక్షణములను తీగెకు అంటగట్టెను. ఒక్క అక్షరపు భేదము! వ్యాకరణ తరగతిలో నైనచో మార్కు పోవును. మందుల దుకాణములో నైనచో ప్రాణము పోవచ్చును. తాను పదముల కొఱకు గాక మనుష్యుల ఆరోగ్యముకొఱకు వాదించుచున్నానని లియొనిచేనో భావము. ఇతని వాదము రేపిన సంచలనము చాల కాలము సద్దుమణగలేదు.

4. ఆల్డసు ముద్రణాలయము

తప్పును పట్టుటకు మూలము కావలెను గదా! ఆ మూలమును అచ్చునకు తెచ్చిన కీర్తి వెనిసు ముద్రాపకులది. 1499లో ఆల్డసు మనూటియసు డయొస్కొరిడీసు గ్రంథమును యవన లిపిలో ముద్రించెను. మఱుసటి సంవత్సరము, 1500లో, క్రీటు ద్వీపమునుండి వచ్చి వెనిసులో స్థిరపడిన కల్లియెర్గిసు, వ్లాస్టోసు అను యవనులు గాలెను చికిత్సా గ్రంథమును మూల భాషలో అచ్చువేసిరి. ఇచట ప్రవాస జీవితమును గడపు మనవారు గమనింపదగిన విషయ మొకటి యున్నది. 1453లో కాన్‌స్టాంటినోపులు తురుష్కుల వశమైన పిదపను, అంతకు పూర్వమును ఇటలీకి వచ్చి స్థిరపడిన యవనులు తమ భాషను బోధించియు, ప్రతులను వ్రాసియు, అక్షరములను పోతపోయించియు బ్రతికిరి. పరదేశమున వారికి తమ భాషయే జీవనాధారమయ్యెను. ఆ దేశమునకు అదియే విద్యాధనమయ్యెను.

ఆల్డసు 1515లో మరణించెను. అతని మామ ఆండ్రియా తొరెసాని ఆ ముద్రణాలయమును నడపి, 1525లో గాలెను సమగ్ర గ్రంథావళిని యవన భాషలో 5 బృహత్సంపుటములుగా ప్రకటించెను. 1526లో హిపోక్రటీసు గ్రంథావళి వెలువడెను. గాలెను సంపుటములకు అచ్చుచిత్తులు సరిచూచినవారిలో ఇంగ్లండునుండి వచ్చిన జాన్ క్లెమెంటు, జర్మనీ వాడైన గెయోర్గు అగ్రికోలా ఉండిరి. ఈ అగ్రికోలాయే తరువాత గనుల శాస్త్రమునకు ప్రమాణ గ్రంథమును రచించినవాడు. ఇంత శ్రమించినను తప్పులు పెక్కులు నిలిచినవి. ఎరాస్మసు మహాపండితుడు ఆ సంపుటముల నుండి మూడు చిన్న గ్రంథములను 1526లో లాటినునకు మార్చుచు, అచ్చు తప్పుల బాహుళ్యమునకు నొచ్చుకొనెను. 1538లో బాసెలు నగరమున యవన మూలముల సవరించిన ప్రతులు మరల అచ్చయినవి. తప్పులున్న మూలమైనను మూలమే. సవరించుటకు ఆధారము దొరికినది.

5. క్రొత్త అనువాదములు

యవన మూలము అచ్చయిన మాత్రమున వైద్యులందఱును చదువలేరు. వైద్యులలో పెక్కుమంది లాటినునే చదువువారు. కావున క్రొత్త లాటిను అనువాదములు కావలసివచ్చెను. వీనిని చేసినవారిలో నలువురి పేళ్లు స్మరింపదగినవి.

ఇంగ్లండునందలి థామస్ లినేకరు (1460 ప్రాంతము-1524) ఇటలీకి పోయి యవన భాష నభ్యసించి, 1496లో పాడువాలో వైద్య పట్టమును పొందెను. స్వదేశమునకు మరలి 1518లో లండను వైద్య కళాశాలా సంఘమును స్థాపించెను. ఆరోగ్య రక్షణమును గూర్చిన గాలెను గ్రంథమును 1517లోను, చికిత్సా పద్ధతిని 1519లోను పారిసులో ముద్రింపించెను. దేహ ప్రకృతులను గూర్చిన గ్రంథము 1521లో కేంబ్రిడ్జినందును, ప్రకృతి శక్తులను గూర్చిన గ్రంథము 1523లో లండనునందును అచ్చయినవి. ఇతని లాటిను వాక్యము నిర్మలమని సమకాలికులు మెచ్చిరి.

రవెన్నా వాస్తవ్యుడు మార్కో ఫాబియో కాల్వో హిపోక్రటీసు గ్రంథావళిని మొట్టమొదటిసారి సమగ్రముగా లాటినులోనికి తెచ్చెను. ఇది 1525లో రోమునందు వెలువడెను. ఇతడు చిత్రకారుడు రఫేలునకు ఆప్తుడు. వాస్తుశాస్త్రమును గూర్చిన విట్రూవియసు గ్రంథమును అతనికొఱకు ఇటలీ భాషలోనికి అనువదించినవాడు. గ్రంథము వెలువడిన రెండేండ్లకే, 1527లో, చక్రవర్తి సైనికులు రోము నగరమును దోచినపుడు వృద్ధుడైన కాల్వో వారికి చిక్కి మరణించెను.

జర్మనీ వాడైన యానుసు కొర్నారియసు హిపోక్రటీసు యవన మూలమును 1538లో బాసెలునందు పరిష్కరించి ముద్రింపించి, పిదప తన లాటిను అనువాదమును 1546లో ప్రకటించెను. కాల్వో అనువాదముకంటె ఇది మేలైనదని పండితులంగీకరించిరి. చాలకాలము ఇదియే ప్రమాణముగా నిలిచెను.

ఆండెర్నాకు వాస్తవ్యుడు గుంటెరు (1505-1574) పారిసులో బోధకుడు. శవచ్ఛేద విధానమును గూర్చిన గాలెను గ్రంథమును 1531లో లాటినునకు మార్చెను. ఈ యొక్క అనువాదము కలిగించిన ఫలితము మిగిలినవానినెల్ల మించినది. దానిని ముందు చెప్పెదను.

ఇట్లు ఆ శతాబ్దమున గాలెను గ్రంథముల ముద్రణములు, చిన్నవి పెద్దవి కలిపి, 500కు పైబడినవి. వెనిసునందలి జ్యుంటా ముద్రాపకులు 1541 నుండి 1625 వఱకు లాటిను గ్రంథావళిని పలుమార్లు సవరించి ప్రకటించిరి.

6. ఏ చేతి రక్తము?

ఇంతకును ఈ పాఠ భేదముల వలన రోగికి కలిగిన భేదమేమి? 1514 ప్రాంతమున పారిసులో ఊపిరితిత్తుల పొరకు వాపుతో కూడిన ప్రక్కపోటు వ్యాధి ప్రబలెను. అప్పటి చికిత్స రక్తమోక్షణము. నొప్పి కుడిప్రక్కనున్నచో ఎడమ చేతినుండి గాని పాదమునుండి గాని కొద్దికొద్దిగా రక్తము తీయవలెనని అరబ్బీ వైద్యుల మార్గము ననుసరించినవారి యాచారము. పియెరు బ్రిసో అను పారిసు వైద్యుడు హిపోక్రటీసు, గాలెను మూలములను చదివి, నొప్పి యున్న ప్రక్కనే, నొప్పికి సమీపముననే, ధారాళముగ తీయవలెనని చెప్పి, అట్లే చేసెను. సహవైద్యులు మండిపడిరి. బ్రిసో దేశము విడిచి పోర్చుగలునకు పోయి 1522లో మరణించెను. అతని వాదగ్రంథము 1525లో, ఆ మీదట, పారిసులోనే అచ్చయ్యెను. ఈ వివాదము ఐరోపాయంతటను దశాబ్దములపాటు సాగెను.

నేటి వైద్యశాస్త్రము దృష్టిలో ఈ వ్యాధికి కుడిచేతి రక్తము తీసినను, ఎడమచేతి రక్తము తీసినను మేలు లేదు. బ్రిసో మూలమును సరిగా చదివెను, మూలమే సరికాదు. శుద్ధమైన పాఠము వేఱు, సత్యము వేఱు. ఈ భేదము నాటివారికి వెంటనే తట్టలేదు. మూలమును శుద్ధి చేసినచో వైద్యము శుద్ధమగునని వారు మనసార నమ్మిరి. ఆ నమ్మకము సడలుట ఎట్లు జరిగెనో చూతము.

7. గురువును చదివి గురువును దాటుట

1533లో పారిసునకు చదువవచ్చిన యువకులలో ఆండ్రియాసు వెసేలియసు (1514-1564) ఒకడు. గుంటెరు ఇతనికి గురువు. గాలెను శవచ్ఛేద గ్రంథము అంతకు కొలది యేండ్ల ముందు వఱకు లాటిను పాఠకులకు అందుబాటులో లేదు. అప్పటి బోధనలో గురువు పీఠముపై కూర్చుండి పుస్తకము చదువును, క్రింద మంగలి శవమును కోయును, విద్యార్థి చూచును. గాలెను గ్రంథమట్లు చెప్పలేదు. వైద్యుడు తన చేతితో కోసి, తన కంటితో చూడవలెనని పదేపదే హెచ్చరించెను. క్రొత్త అనువాదమున ఈ మాట విద్యార్థుల చెవిని పడెను.

వెసేలియసు ఆ యాజ్ఞను పాటించెను. పాడువాలో ఆచార్యుడై స్వయముగా శవములను కోసెను. 1539లో రక్తమోక్షణమును గూర్చి వ్రాసిన లేఖయందు, గ్రంథ వాక్యములతోపాటు తాను చూచిన సిరల యమరికను సాక్ష్యముగా చూపెను. జ్యుంటా వారి 1541 నాటి సంపుటములకు గాలెను శరీర గ్రంథముల అనువాదములను సవరించి యిచ్చినవాడును ఇతడే. అనగా గాలెను వాక్యములను పదము పదముగా తూచి చూచినవాడు. అట్లు తూచినపుడే వాక్యమునకును దేహమునకును పొంతన కుదరకుండుట కనబడెను. మనుష్యుని క్రింది దవడ రెండెముకలని గాలెను వ్రాసెను; వెసేలియసు చూచినది ఒక్క ఎముక. మెదడు అడుగున 'అద్భుత జాలము' అను రక్తనాళముల వల యున్నదని గాలెను వ్రాసెను. అది గొఱ్ఱెలు, ఎద్దులు మున్నగు జంతువులందు కలదు గాని మనుష్యునిలో లేదు. గాలెను కోసినవి కోతులును, ఇతర జంతువులును. మానవ శవములు గావు. ఈ నిర్ణయము 1543లో బాసెలున అచ్చయిన 'మానవదేహ నిర్మాణము' అను మహాగ్రంథమున వెల్లడియయ్యెను. దానిని ముద్రించిన ఒపొరినుసు యవన భాషాచార్యుడుగా నుండినవాడే.

పారిసులో వెసేలియసునకు మఱియొక గురువైన సిల్వియసు దీనిని సహింపలేదు. 1551లో శిష్యుని నిందించుచు ఒక గ్రంథమును వ్రాసెను. గాలెను చెప్పినట్లు నేటి దేహమున కానరానిచో, గాలెను కాలమునుండి మానవ దేహమే మాఱియుండవలెనని అతని సమాధానము! మూలముపై భక్తి ముదిరిన విధమిది. దవడ యెముకను చూచుటకంటె దవడ మాఱెననుట అతనికి తేలికగ తోచెను. కాని వెసేలియసు చేసినది గురుద్రోహము గాదు. స్వయముగ చూడుమన్న గాలెను మాటను గాలెనుపైననే ప్రయోగించెను. చెడిన అనువాదమును చదివినంతకాలము, పొంతన కుదరనపుడు తప్పు అనువాదకునిదో లేఖకునిదో అనుకొనుటకు వీలుండెను. మంచి అనువాదము వచ్చిన పిదప ఆ సాకు తొలగెను. తప్పు మూలకర్తదే యని తేలెను. ఈ పండితుల శ్రమకు ఫలమిదియే యని నా యభిప్రాయము.

8. అరబ్బీ వైద్యులకు జరిగిన యన్యాయము

మూల భక్తులు మఱియొక పొరపాటు చేసిరి. యవన జ్ఞానమును చెఱచినవారు అరబ్బులేయని కొందఱు తీవ్రముగ నిందించిరి. ట్యూబింగెనులో ఆచార్యుడైన లియొనార్టు ఫుక్సు (1501-1566) ఇందు ముఖ్యుడు. కాని దోషములనేకము లాటిను లేఖకులవి. హునైన్ పద్ధతి ఎంత నిష్ఠగలదో పైన చూచితిమి. ఒక నిదర్శనము చాలును. గాలెను శవచ్ఛేద గ్రంథమున 15 భాగములుండగా, యవన మూలమున 9వ భాగము నడుమవఱకే మిగిలినది. తక్కిన భాగములను అరబ్బీ అనువాదమే కాపాడెను. అవి 1906లో గాని ముద్రణ భాగ్యమును పొందలేదు.

దీనికి భిన్నముగ ఆండ్రియా అల్పాగో అను నతడు దమాస్కసునందు సుమారు 30 సంవత్సరములు నివసించి, అరబ్బీ నేర్చి, ఇబ్న్ సీనా వైద్య గ్రంథపు లాటిను అనువాదమును అరబ్బీ మూలముతో సరిచూచి దిద్దెను. ఇతని సవరణలతో ఆ గ్రంథము 1527లో వెనిసునందు వెలువడెను. యవనమునకు చేసిన మర్యాద అరబ్బీకిని చేయవలెనని ఇతని కృషి తెలుపుచున్నది.

ఇక పదముల సంగతి. అరబ్బీ వైద్యులు మెదడును కప్పిన పొరలను 'తల్లి' యను మాటతో పేర్కొనిరి. ఒకటి దళసరిది, ఒకటి పలుచనిది. మధ్యయుగపు లాటిను అనువాదకుడు మాటకు మాట పెట్టి 'డ్యూరా మాటర్', 'పియా మాటర్' అనెను. పరిశుద్ధ యవన పదములను నెలకొల్పదలచినవారు ఎంత యత్నించినను, ఈ మాటలు పోలేదు. నేటికిని ప్రపంచమందలి వైద్య విద్యార్థులందఱును వీనినే పఠించుచున్నారు. పరిభాషను శాసనముచే నిర్మింపజూచు మన పండితులు ఈ యుదాహరణమును గమనింతురుగాక.

9. దేశభాషలు

ఇంతవఱకు చెప్పినదెల్ల లాటిను నెఱిగిన పండితుల మాట. గాయములు కట్టు శస్త్రవైద్యులు, మంగళ్లు లాటిను నెఱుగరు. రోగి దేహముపై చేయి వేయువారు మాత్రము వారే. పుస్తకము ఒకని యొద్ద, కత్తి మఱియొకని యొద్ద నుండెను. ఈ యంతరమును తొలగింప జూచినవారిలో లియోను నగరపు జాన్ కానాపు ఒకడు. ఇతడు శస్త్రవైద్యులకు ఫ్రెంచి భాషలో పాఠములు చెప్పి, వారికొఱకు గాలెను గ్రంథములను ఫ్రెంచిలోనికి అనువదించెను. 1541లో వీనిలో కొన్నిటిని ముద్రించిన ఎటియెను డోలే తరువాత మతద్రోహియను నిందపై 1546లో పారిసులో దహింపబడెను.

ఈ దేశభాషానువాదములవలన ప్రయోజనము పొందినవారిలో అగ్రగణ్యుడు ఆంబ్రోయిజు పారే. మంగలి శస్త్రవైద్యుడుగా జీవితము నారంభించి, లాటిను రాకయే, ఫ్రెంచి పుస్తకములవలన గాలెనును గ్రహించి, నలుగురు రాజులకు శస్త్రవైద్యుడయ్యెను. తుపాకి గాయములపై కాగిన నూనె పోయుట హానికరమని తన యనుభవమున కనుగొని, 1545లో ఫ్రెంచి భాషలోనే గ్రంథము వ్రాసెను. 1575లో ఇతని గ్రంథావళి వెలువడినపుడు పారిసు వైద్యాచార్యులు అభ్యంతరము చెప్పిరి. ప్రజల భాషలో శాస్త్రమును వ్రాయుటయే ఇతని నేరములలో నొకటి! పరసెల్ససు 1527లో బాసెలు విద్యాపీఠమున జర్మను భాషలో బోధించి ఇట్టి కోపమునకే గుఱియయ్యెను. స్పెయిను దేశీయుడైన ఆండ్రెసు లాగూనా 1555లో డయొస్కొరిడీసును స్పానిషు భాషకు, ఇటలీలో మత్తియోలి 1544లో ఇటలీ భాషకు తెచ్చి, ఓషధుల విద్యను సామాన్యునకు అందించిరి.

10. మన దేశపు తీరమున

ఈ కథకు మన దేశముతో సంబంధము లేకపోలేదు. గార్సియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుడు 1534లో గోవాకు వచ్చి, జీవితాంతము వఱకు ఇచటనే యుండెను. అహమ్మదునగర సుల్తానైన బుర్హాను నిజాంషాకు వైద్యము చేసెను. ఆ యాస్థానమున హకీములతోను, మన వైద్యులతోను చర్చించి, భారతదేశపు ఓషధులను గూర్చి పోర్చుగీసు భాషలో సంభాషణ రూపమున గ్రంథము రచించెను. అది 1563లో గోవాలోనే అచ్చయ్యెను. మిరియము, ఏలకి మున్నగువానిని డయొస్కొరిడీసు దూరమునుండి విని వ్రాసెను. ఓర్తా తోటలో చూచి వ్రాసెను. యవనుల పేరు చెప్పి తన్ను బెదరింపరాదనియు, తాను చూచినదే చెప్పుచున్నాననియు అతని వైఖరి. పాడువాలో దవడ యెముక చెప్పిన సాక్ష్యమునే గోవాలో మిరియపు తీగె చెప్పెను. 1567లో క్లూసియసు దానిని లాటినున సంగ్రహించి ఆంట్వెర్పునందు ముద్రింపించెను. ఓర్తా 1568లో మరణింపగా, యూదుడను కారణమున మతవిచారణ సభవారు 1580లో అతని యెముకలను త్రవ్వి తీయించి కాల్పించిరి.

మఱియొక మార్గమున గాలెను అంతకు ముందే మన గడ్డకు వచ్చియుండెను. హకీముల నోట 'జాలీనూస్', 'బుఖ్రాత్' అని వినబడు పేళ్లు గాలెను, హిపోక్రటీసులవే. కులీ కుతుబుషా కాలమున హైదరాబాదులో 1595లో నెలకొన్న దారుష్షిఫా వైద్యశాలయందు బోధింపబడినది ఈ యునానీ వైద్యమే. 'యునానీ' అనునదియు, మన సంస్కృత గ్రంథములలోని 'యవన' శబ్దమును, హిపోక్రటీసు గ్రంథముల మాండలికమునకు పేరైన ఆ అయోనియా దేశనామము నుండియే పుట్టినవి. ఒక్క పేరు రెండు త్రోవల మన భాషలోనికి వచ్చి చేరినది.

11. ఉపసంహారము

పై చరిత్ర వలన మూడు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, అనువాదము మూలమును చూచి చేయవలెను; అనువాదపు టనువాదము దోషములను గుణించును. రెండవది, మూలమును శుద్ధి చేయుట పూజకొఱకు గాదు, పరీక్షకొఱకు. మూడవది, పుస్తకమును కత్తియు ఒక్కచోట చేర్చునది దేశభాషయే.

తెలుగున ఈ మార్గమున నడచినవారు లేకపోలేదు. బ్రౌను దొర (1798-1884) పండితులను కూర్చి, పలు ప్రతులను సరిచూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించిరి. కాని పని ముగియలేదు. గాలెను రచించి నశించినదని తలచిన యొక లేఖ 2005లో థెస్సలోనికే నగరపు మఠమున నొక ప్రతిలో దొరకెను. క్రీ. శ. 192లో రోమున జరిగిన అగ్నిప్రమాదమున తన పుస్తకములు తగులబడిన వృత్తాంతమును అందు గాలెను స్వయముగా చెప్పుకొనెను. 1800 ఏండ్ల పిదప దొరకునది ఇంకను ఉన్నదన్నమాట.

తంజావూరు సరస్వతీ మహలునందును, చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునందును తెలుగు ప్రతులు భద్రముగ నున్నవి. కాని తమిళ, కన్నడ, ఒరియా, మహారాష్ట్ర దేశములందు తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములలో వైద్యము వృత్తిగా గలవారి ఇండ్లలోని ప్రతుల మాట యేమి? తెలుగు మాటలాడు పిల్లలు తెలుగు లిపిని చదువలేని నాడు, అటక మీది తాళపత్రము వంటచెఱకుతో సమానమగును. ఆ పిల్లలకు అక్షరము నేర్పుట పాఠశాలల పని. ఆ ప్రతుల పట్టికను వ్రాయించుట, ఛాయాచిత్రములు తీయించుట, వైద్యుని భాషావేత్తను ఒక్కచోట కూర్చుండబెట్టి పరిష్కరింపజేయుట మన సంఘముల పని. అందున్న మందులన్నియు గుణకారులని నేననను. ఏది గుణకారియో, ఏది కాదో పరీక్షించుటకైనను ముందు వానిని సరిగా చదువగలవారుండవలెను. ఈ విషయమును సంఘ కార్యవర్గమువారు వచ్చు సమావేశమున చర్చకు తీసికొందురని ఆశించుచున్నాను.